ధర్మవరం మీద రెండు చుట్లు

కళ్లకు గంతలు కట్టి వదిలినా ధర్మవరం స్టేషన్ నుంచి మా ఇంటికి నడిచిపోగలనని నేను చాలామంది దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. అదే ధర్మవరం మీద, పట్టపగలు, రెండు కళ్లూ తెరిచిపెట్టుకొని దారి తప్పాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను హైదరాబాదు నుంచి బెంగళూరుకు ప్రయాణికులను చేరవేసే ఒక చిన్న కంపెనీలో విమానం నడుపుతున్నాను. ఆ పూట ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అని ఎవరైనా నిలదీస్తే ఇప్పటికీ తడబడతాను. కొన్ని నిమిషాలు నా లెక్కలో ఎక్కడో పడిపోయాయి.

మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మా నాయన మగ్గం గుంతలోకి దిగి కూర్చుంటే పిలిచినా పలికే మనిషి కాదు. నేను ఆ గుంతలోకి దిగనని మొండికేసి హైస్కూలు చదివి, మద్రాసు పోయి, యుద్ధం రోజుల్లో విమానం నడపడం నేర్చుకున్నాను. అది ఆయనకు చాలాకాలం మింగుడు పడలేదు. "ఈడ పోగు తెగితే ముడేసుకుంటాం. ఆడ తెగితే ఏం ముడేస్తావురా?" అని ఒక్కమాట అని, తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నాకు అది నచ్చలేదు. తిట్టినా బాగుండేది.

హైదరాబాదు నుంచి బెంగళూరుకు గీత గీస్తే అది దాదాపు మా ఊరి మీదుగానే పోతుంది. గుత్తి దాటాక రైలు పట్టాలు కనబడతాయి. అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, ఆ మీదట బెంగళూరు. ఆకాశం బాగున్నరోజు ఆ పట్టాలను పట్టుకొని పోతే చాలు, కాగితం మీద లెక్కలన్నీ వాటంతట అవే సరిపోయేవి. మొదటిసారి ఆ దారిన పోయినరోజు నాకు మనసు ఆగలేదు. మా వీధి మీద ఒక చుట్టు తిరిగాను. ఆ తర్వాత ఇంటికి పోయినప్పుడు మా అమ్మ చెప్పింది: వీధి వీధంతా మగ్గాలు ఆపి మిద్దెలెక్కారట. నాయన కూడా గుంతలోనుంచి లేచి మిద్దె ఎక్కాడట. ఆయన పగటిపూట మగ్గం మీదనుంచి లేచాడంటే అది చిన్న విషయం కాదు.

అప్పటినుంచి అదొక ఆచారమైపోయింది. నేను ఫలానా రోజు వస్తానని ఉత్తరం రాసేవాణ్ణి. నాయన ఆ వారం మగ్గం దించిన చీరను మిద్దె మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు కొసలకు నాలుగు రాళ్లు పెట్టేవాడు. అమ్మకానికి పోయే చీర ముందు కొడుకు కంట పడాలని ఆయన పట్టుదల. ఇంతకంటే పిచ్చిపని ఉంటుందా? పై నుంచి చూస్తే అది గోరంత ఎర్రమచ్చ. అయినా ఆ మచ్చ కనబడేదాకా నా మనసు ఊరుకునేది కాదు. మగ్గం ముట్టనన్న కొడుకుతో ఆయన మళ్లీ మాట్లాడుతున్నట్టే ఉండేది. కంపెనీకి ఈ సంగతి తెలియదు. ప్రయాణికులు అడిగితే, ఊరు బాగా కనబడాలని తిప్పానని చెప్పేవాణ్ణి. వాళ్లు సంతోషించేవాళ్లు కూడా.

నేను చెప్పబోయే రోజు గురువారం. వానాకాలం చివర. హైదరాబాదులో బయలుదేరే ముందు వాతావరణం కాగితం చేతికిచ్చారు. అనంతపురం దాటాక మబ్బులు బాగా కిందికి దిగి ఉన్నాయని, మధ్యాహ్నానికి కొంత తెరిపి ఇవ్వవచ్చని అందులో ఉంది. రెండు గంటలు ఆగితే పోయేది. కాని గురువారం పదకొండు గంటలకు వస్తానని నేను ఇంటికి ఉత్తరం రాశాను. ఆ కాగితం చదివాను, మడిచాను, జేబులో పెట్టుకున్నాను. ఆగుదామా అని ఎవరూ నన్ను అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

మాది పాతకాలపు చిన్న విమానం. రెండు ఇంజన్లు, కర్ర చట్రం, పైన బట్ట. ముందు ముక్కులో నేనొక్కణ్ణే కూర్చుంటాను. వెనక ఆరుగురు ప్రయాణికులు. నా వీపు వెనక సీటులో హిందూపురం బెల్లం వర్తకుడు ఒకాయన కూర్చున్నాడు. అరవై ఏళ్లుంటాయి. హైదరాబాదులో కంటి డాక్టరుకు చూపించుకొని, కొడుకు టిక్కెట్టు కొనిస్తే మొదటిసారి విమానం ఎక్కాడు. వెనక చోటు చాలక, ఎవరిదో ఇనుప ట్రంకుపెట్టె ఒకటి నా సీటు పక్కనే పెట్టించారు. ఆ పెట్టె సంగతి తర్వాత చెబుతాను.

అనంతపురం దగ్గరికి వచ్చేసరికి మబ్బులు నన్ను కిందికి నొక్కడం మొదలుపెట్టాయి. ఒక మబ్బు తప్పించుకుంటే ఇంకొకటి. ధర్మవరం చేరేసరికి ఊరి మిద్దెలకు, మబ్బుకు మధ్య సందులో దూరి పోతున్నాను. ఆ సందులో ఎవరైనా చుట్లు తిరుగుతారా? నేను తిరిగాను. మొదటి చుట్టులో చీర కనబడలేదు. నాయన పరవలేదేమో, వానకు భయపడి తీసేశాడేమో అనుకుంటూనే, రెక్క ఇంకొంచెం వంచి రెండో చుట్టు తిరిగాను. అప్పుడు కనబడింది. ఎర్రచీర, పక్కన తువ్వాలు ఊపుతున్న మనిషి. నాకు ఎంత సంతోషమైందో! వెనక ఎవరో వాంతి చేసుకుంటున్న శబ్దం వినబడుతున్నా నాకు సంతోషమే.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, లేకపోతే నా తప్పు అర్థం కాదు. దిక్కు చెప్పడానికి నా ముందు రెండు ఉండేవి. ఒకటి అయస్కాంతపు ముల్లు. అది నిజమే చెబుతుంది కాని విమానం మలుపు తిరిగితే ఊగిసలాడుతుంది, నిలబడేదాకా ఆగాలి. రెండోది గైరో, లోపల చక్రం తిరిగే పరికరం. అది ఊగదు కాని దానికి సొంతంగా దిక్కు తెలియదు. ముల్లును చూసి మనమే దానికి దిక్కు చెప్పాలి. బాగా వంచి తిప్పే ముందు గైరోను బిగించి, తిప్పడం అయ్యాక, ముల్లు నిలబడినాక, దాన్ని చూసి గైరోను సరిచేసి వదలాలి. ఇది మొదటి నెలలోనే నేర్పుతారు.

రెండో చుట్టు ముగించి సరిగా నిలిచేసరికి కిందనే పట్టాలు కనబడ్డాయి. ఊరి చివర ఒక వంపు తిరిగి, చెట్ల మధ్య నుంచి సాగుతున్నాయి. ఆ వంపు నాకు ఎంత పరిచయమో చెప్పలేను. చూడగానే ప్రాణం కుదుటపడింది. హిందూపురం పట్టాలు దొరికాయి, ఇక భయం లేదు అనుకున్నాను. పెనుకొండకు పోయే దిక్కు నాకు కంఠస్థం. ముల్లు ఇంకా ఊగుతూ ఉంది, దానికోసం ఎవరు ఆగుతారు? గైరోను పెనుకొండ దిక్కుకు తిప్పి వదిలేశాను. అంటే నేను అనుకున్నదే గైరోకు చెప్పాను, అది మళ్లీ నాకే చెబుతూ పోయింది. దాన్ని చూసి, నేను సరిగానే పోతున్నానని ధైర్యం తెచ్చుకుంటూ వచ్చాను.

ఆ వంపు ఎందుకంత పరిచయమో తర్వాత ఎన్నో రోజులకు తట్టింది. ధర్మవరంలో పట్టాలు రెండుగా చీలుతాయి. ఒకటి పెనుకొండ మీదుగా బెంగళూరుకు, ఒకటి కదిరి మీదుగా పాకాలకు, అక్కణ్ణుంచి తిరుపతికి. చిన్నప్పుడు మా ఇంట్లో అందరి తలనీలాలూ తిరుపతికే. ఏ మొక్కున్నా పాకాల బండే. కిటికీ దగ్గర కూర్చొని నేను చూసిన వంపు అదే. పెనుకొండ వైపు రైల్లో పోయింది పెద్దయినాక, అదీ రెండుమూడుసార్లు. తెలిసిన దారి కనబడింది కాబట్టి అదే నేను పోవలసిన దారి అనుకున్నాను.

అయస్కాంతపు ముల్లు నిలబడింది. అది తూర్పు చూపిస్తోంది. గైరో దక్షిణం అంటోంది. నేను రెండింటినీ చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. చూసి, నా పక్కనున్న ఇనుప ట్రంకుపెట్టె వైపు తిరిగాను. ఈ పెట్టె వల్లనే ముల్లు చెడిందని తేల్చుకున్నాను. హైదరాబాదు నుంచి ధర్మవరం దాకా ఆ పెట్టె అక్కడే ఉంది, ముల్లు సరిగానే చూపించింది. ఆ సంగతి నాకు తోచలేదు. లేదా తోచినా పక్కకు నెట్టానేమో. అది ఇప్పుడు చెప్పలేను.

ఒక ఐదారు నిమిషాలు పోయాక వెనకనుంచి బెల్లం పెద్దాయన ముందుకు వంగాడు.

"ఏమప్పా, పెనుకొండ ఇంగా రాలేదా?"

"వస్తాది పెద్దాయనా. మబ్బులో కనపడదు."

"అంత పెద్ద కొండ కనపడకుండా పోతాదా?"

"నేను ఈడోన్నే. నాకు తెలీదా? కూసోండి మీరు."

ఆయన కూర్చున్నాడు. కాని ఆయన మాట నా మెడ మీద దోమలాగా వాలింది. పెనుకొండ కొండ కుడివైపున ఈపాటికి కనబడాలి. మబ్బులో ఉందిలే అనుకున్నాను. రెండువైపులా గుట్టలు దగ్గరికి వస్తున్నాయి. ఈ దారిలో ఇన్ని గుట్టలున్నాయా? ఉన్నాయేమో, ఇంత కింద ఎప్పుడు పోయాను కనుక? ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అంత గందరగోళంలో కూడా ఒక్క జవాబుకూ తడుముకోలేదు, అదే నాకు ఇప్పటికీ వింత.

మళ్లీ వెనక నుంచి ఆయనే.

"అప్పా, కింద బండి పోతాండాది సూడు."

నాకు ఒళ్లు మండింది. "బండి పట్టాల మింద పోక యాడ పోతాది?"

"అది గాదప్పా. ఈ యాళకు మా హిందూపురం లైన్లో బండి లేదు. నలభై ఏండ్లుగా బెల్లం ఎక్కిచ్చే వాన్ని, నాకు తెలీదా? ఇది పాకాల బండి."

కిందికి చూశాను. చిన్న ఇంజను, నాలుగైదు పెట్టెలు, తెల్లటి పొగ. ఆ బండిని చూస్తుంటే నా తలలో దిక్కులన్నీ ఒక్కసారిగా జరిగిపోయాయి. దక్షిణం అనుకున్నది తూర్పయింది. కుడివైపు ఉండవలసిన కొండ వెనక ఎక్కడో ఉంది. ఎదురుగా కదిరి కొండలు ఉన్నాయి, వాటి తలలు మబ్బులో ఉన్నాయి, నేను వాటి మధ్యకు ఆరుగురిని వెంటబెట్టుకొని పోతున్నాను. ఎక్కడున్నానో తెలిసిన మరుక్షణమే నాకు అసలు భయం వేసింది. అంతవరకూ వేయలేదు, చూడండి.

పైకి పోదామంటే మబ్బులో ఏ కొండ ఎంత దూరంలో ఉందో తెలియదు. వేగం తగ్గించి, కుడివైపు గుట్టను ఆనుకొని, ఎడమకు తిప్పాను. ఆ మలుపులో ఎడమరెక్క కింద తుమ్మచెట్లు కొమ్మకు కొమ్మ విడివిడిగా కనబడ్డాయి. ముల్లు నిలబడేదాకా ఈసారి ఆగాను. నిలబడినాక గైరోను సరిచేసి, పట్టాలమీదుగా వచ్చినదారినే వెనక్కి వచ్చాను.

ధర్మవరం మళ్లీ వచ్చింది. మిద్దెల మీద జనం ఇంకా దిగలేదు. వాళ్ల కోసం మూడోసారి వచ్చాననుకొని చేతులూపారు. నాయన తువ్వాలు ఊపాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడైనా బుద్ధిగా వెనక్కి తిరిగానా? లేదు. ఇప్పుడు పట్టాలు సరిగా తెలిశాయి కదా, బెంగళూరు ఎంతో దూరం లేదు కదా అని పెనుకొండ వైపే తిప్పాను. చేసిన తప్పును చెరిపేసుకోవాలని ఒకటే ఆత్రం. నాలుగైదు మైళ్లు పోయాక ముందంతా ఒకే బూడిదరంగు. నేలకూ మబ్బుకూ మధ్య సందు కూడా లేదు. నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెనక్కి తిరిగి ఆ పెద్దాయనను అడిగాను.

"ఏం చేద్దాం పెద్దాయనా?"

ఆయన కంగారు పడ్డాడు. "నన్నడుగుతావేమప్పా? నాకు తెలిసింది బండి టైమే."

ఆ మాటకు నాకు తెలివి వచ్చిందో, లేక ఇక సాకులు అయిపోయాయో. యుద్ధం రోజుల్లో వేసిన మైదానం ఒకటి బళ్లారిలో ఉంది. ఆ వైపు మబ్బు పలచగా ఉంది. అటు తిప్పాను. అరగంటలో దిగాం. ప్రయాణికులు నా మీద విరుచుకు పడ్డారు. ఒకాయనకు బెంగళూరులో పెళ్లిచూపులట. ఆయన తిట్టిన తిట్లకు నేను తలూపుతూ నిలబడ్డాను. నిజానికి ఇంకా తిట్టాలి, ఎందుకు తిట్టాలో ఆయనకు తెలియదు.

బళ్లారిలో కంపెనీ మనిషి ఒకడు వచ్చి అందరినీ విచారించాడు. పెద్దాయన "మబ్బు కమ్ముకొనుండె, ఎనక్కొస్తిమి" అని ముగించాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "తిప్పుకొనొస్తివి, మంచిదే. ఆడ సుట్లు యాల తిరిగితివి?" అన్నాడు. ఎందుకు తిరిగానో ఆయనకు చెప్పలేదు. ఆయన రైలెక్కి హిందూపురం పోయాడు.

నివేదికలో నేను రెండు వాక్యాలు రాశాను. దారిలో వాతావరణం బాగాలేదు. బళ్లారికి మళ్లించాను. ఎవరు చదివినా ఒక్క అక్షరం అబద్ధం లేదు.

దానికి నాకు మెచ్చుకోలు వచ్చింది! మొండిగా ముందుకు పోకుండా సమయానికి వెనుదిరగడం మంచి నిర్ణయమని, మిగతా పైలట్లందరూ దీన్ని చూసి నేర్చుకోవాలని మేనేజరు ఒక కాగితం టైపు చేయించి బెంగళూరు ఆఫీసు గోడకు అంటించాడు. రోజూ దాని ముందునుంచే నడవాలి. మొదట సిగ్గేసింది. వారం తర్వాత అంత అనిపించలేదు. పదిరోజులకు, నిజంగానే నేను మంచి నిర్ణయం తీసుకున్నానేమో అనుకోసాగాను. వెనక్కి తిరిగిన మాట నిజమే కదా! ఒక్కొక్కప్పుడు నా నివేదికే జరిగిన కథ అనిపించేది.

మాలో ఒక పైలటు ఉండేవాడు. బెజవాడ వైపువాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న. కొత్తగా పెళ్లయింది, పిల్లది పెనుకొండ. మామగారు రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా. ఇల్లు సరిగ్గా కొండ కింద. ఒక ఉదయం కాఫీ తాగుతూ అతను నన్ను అడిగాడు.

"అన్నా, మీరు ధర్మవరంలో మీ ఇంటి మీద చుట్టు తిరిగేవారని మా మామగారు విన్నారట. మా అత్తగారి ఊళ్లోనూ అదే గొడవ. అల్లుడు విమానం తిప్పాల్సిందేనట. మామగారి అమ్మ, ముసలావిడ, రోజూ అడుగుతోందట. వచ్చే వారం తిరుగుదామనుకుంటున్నాను. ఏమీ ఇబ్బంది ఉండదు కదా?"

అతను అడిగింది ఆ గోడ మీది కాగితంలో ఉన్న మనిషిని. ఇబ్బంది ఉండదు, ఆకాశం చూసుకొని తిరుగు అని చెబితే సరిపోయేది. నా పేరు నిలబడేది. కాఫీ చల్లారిపోయింది. కొండ కిందనున్న ఇంటిమీద ఇతను రెండో చుట్టు తిరగడం నాకు కనబడుతోంది. చెబితే ఏమవుతుందో తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు, ఏమీ కాకపోవచ్చు కూడా. చివరికి చెప్పేశాను. చీర, రెండో చుట్టు, గైరో, ట్రంకుపెట్టె, పాకాల బండి, అన్నీ.

అతను ముందు పగలబడి నవ్వాడు. "మీ ఊరి మీదేనా!" అని మళ్లీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "మరి ఆ గోడ మీద కాగితం?" అన్నాడు. ఆ రోజే పోయి మేనేజరుకు కూడా చెప్పాను. ఇదేదో ధైర్యమని అనుకోకండి. ఇతనికి తెలిశాక ఎలాగూ తెలుస్తుందని చెప్పాను.

కాగితం గోడ దిగింది. దాని చోట, ఊళ్ల మీద చుట్లు తిరగరాదని ఇంకో కాగితం ఎక్కింది. నన్ను ఆరునెలలు ఆఫీసులో కూర్చోబెట్టారు. బెజవాడ అబ్బాయి, తాను ఎందుకు తిరగలేడో మామగారికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాడు. మామగారు ఆఫీసులో చెప్పాడు. పెనుకొండలో చెప్పిన మాట ధర్మవరం చేరడానికి ఒక్క బండి చాలు. పది రోజుల్లో మా వీధిలో మగ్గం మగ్గానికీ తెలిసింది, వాళ్ల పైలటు వాళ్ల మిద్దెల మీదే దారి తప్పాడని.

నేను ఇంటికి పోయినప్పుడు నాయన మగ్గం ఆపాడు.

"నేను చీర పరిస్తిని, దానికేనా?" అన్నాడు.

"కాదు నాయనా. నేనే తిరిగితిని."

"పరవకపోయింటే తిరుగుతాంటివా?"

ఆయన కాలికింది పలక తొక్కి మళ్లీ నేత మొదలుపెట్టాడు. ఆ తర్వాత చీర ఎన్నడూ మిద్దె ఎక్కలేదు.

ఆఫీసులో కూర్చోబెట్టిన ఆ రోజుల్లోనే ఒకసారి ఇంటినుంచి బెంగళూరుకు రైల్లో పోతున్నాను. పెనుకొండలో బండి నీళ్లకు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఒకాయన నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పంచె, నల్లకోటు, చెవిలో పెన్సిలు. ఎవరో చెప్పినట్టున్నారు, నేరుగా అడిగాడు.

"ధర్మవరం పైలట్ నువ్వేనా?"

"అవునండి."

"నేను ఆ బెజవాడ అబ్బాయికి మామను." ఆయన కిటికీ ఊచ పట్టుకున్నాడు. "అల్లుడు తిరుగుతాననిన పొద్దు ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. తిరగలేనని రాసిన ఉత్తరం ఇంగా అందలేదు. మా అమ్మ తెల్లారి నుంచి మిద్దె మింద కూసునింది. కింద అన్నం తిననని, పైకే తెప్పిచ్చుకునింది. విమానం వచ్చె. నేరుగా పాయ. ఒక్క చుట్టు లేదు. 'మనోడు కాదేమోలే' అనె. పోయిన నెల ఆయమ్మ కాలం చేసె."

నేను లేచి నిలబడ్డాను.

"నిజం చెప్పు," అన్నాడు. "ఆ పొద్దు తిరిగింటే ఏమన్నా అయ్యుండునా?"

ఆ రోజు ఆకాశం నాకూ గుర్తుంది. బెంగళూరులోనూ నిర్మలంగానే ఉంది. అతను మంచి పైలటు, నాకంటే మంచి పైలటు.

"ఏమీ అయ్యుండదండి," అన్నాను.

"మరి యాల చెప్తివి వానికి?"

ఎన్నో చెప్పాలనుకున్నాను. ఆకాశం అట్లా ఉంటుందని ముందు నాకెలా తెలుస్తుంది, ఒక చుట్టు తిరిగినవాడు రెండోది తిరగకుండా ఉండడు. ఇలాంటివి. కొడుకుగా ఆయన అడిగినదానికి వీటిలో ఒక్కటీ జవాబు కాదు. ఇంజను కూసింది. ఆయన కళ్లు తుడుచుకొని వెనక్కి తిరిగాడు.

ఆయన వెనకనే ఒక అమ్మాయి నిలబడి ఉంది. నేను అప్పటిదాకా గమనించలేదు. నిండుచూలాలు. బెజవాడ అబ్బాయి భార్య అని మొహం చూడగానే తెలిసింది, వాడు ఫోటో చూపించాడు. బండి కదులుతుంటే ఆమె కిటికీ వెంట రెండడుగులు నడిచింది.

"అన్నా, ఈ పొద్దు గూడా ఆయన విమానంలో పైనే ఉండారు," అంది. "మీరు ఇంగా ఏమన్నా తప్పులు చేసింటే, అవి గూడా చెప్పండి ఆయనకు."